రన్‌కు అన్ని అర్థాలెందుకు?

క్రికెట్‌లో బంతి నేలను తాకి బౌండరీ దాటితే బ్యాటర్ అడుగు కదపకపోయినా నాలుగు రన్లు వస్తాయి. పరుగే లేని రన్ ఎలా పుట్టింది? ఇంట్లో ఒకే తువ్వాలు ఒళ్లు తుడుచుకోవడానికీ, తలకు చుట్టుకోవడానికీ, మూట కట్టడానికీ పనికొస్తుంది చూడండి, మాటలూ అంతే. కొత్త అవసరం వస్తే జనం చేతిలో ఉన్న మాటనే సాగదీస్తారు. పరుగెత్తేవాడు ఆగకుండా ముందుకు పోతాడు కదా! ఆ ఆగకపోవడాన్నే పట్టుకుని ఇంగ్లిష్‌లో కుళాయి నీళ్లకూ, యంత్రానికీ, దుకాణం నడపడానికీ రన్ అన్నారు. పరుగెత్తి సంపాదించిన స్కోరుకూ అదే పేరు పడింది. పరుగు అక్కర్లేని చోటా పేరు నిలిచిపోయింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు ఒక్క క్రియగానే దీనికి 645 అర్థాలు లెక్కపెట్టారు.

ఇన్ని ఉంటే తికమక కాదా అంటారా? కాదు, పక్కనున్న మాటే దారి చూపిస్తుంది. బండి నడుస్తోంది, బడి నడుస్తోంది, సినిమా నడుస్తోంది అని మనమూ అంటాం. వాటికి కాళ్లున్నాయని ఎవరూ అనుకోరు.