మెదడులో బుడగ... క్లిప్పా? కాయిలా?

ఉన్నట్టుండి తలలో పిడుగు పడ్డట్టు నొప్పి. ఆ వెంటనే వాంతి, మెడ పట్టేయడం, ఒక్కోసారి స్పృహ తప్పడం. పుట్టి బుద్ధెరిగాక ఇంత నొప్పి ఎరగమంటారు బాధితులు. మైగ్రేనే కదా అని మాత్ర వేసుకుని పడుకున్నారో... ప్రాణాలమీదికి రావచ్చు. అది మెదడులో ఎన్యూరిజం పగిలిందనడానికి సూచన కావచ్చు మరి!

పాత సైకిల్ ట్యూబు పలచబడ్డ చోట ఉబ్బుతుంది చూశారా... మెదడులోని రక్తనాళమూ గోడ బలహీనపడ్డ చోట అలాగే బుడగలా ఉబ్బుతుంది. అదే ఎన్యూరిజం. పెద్దవాళ్లలో నూటికి ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. చాలామందిలో అది ఎప్పటికీ పగలదు. పగిలిందంటే మాత్రం మొదటి కొద్దిరోజుల్లోనే మళ్లీ పగిలే ముప్పు ఎక్కువ. అందుకే అందులోకి రక్తం వెళ్లకుండా వీలైనంత త్వరగా దారి మూసేయాలి. అందుకు రెండు మార్గాలున్నాయి.

కపాలం తెరిచి...

కపాలంలో చిన్న ఎముక ముక్క తీసి, మైక్రోస్కోపులో చూస్తూ బుడగ మెడకు క్లిప్పు బిగిస్తారు. 1937లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో డాక్టర్ వాల్టర్ డాండీ వెండి క్లిప్పుతో ఈ పద్ధతికి నాంది పలికారు. ఇప్పుడు ఎక్కువగా టైటానియం క్లిప్పులు వాడుతున్నారు.

తొడ దగ్గర్నుంచి...

తల కోయకుండానే, తొడ మొదట్లోని రక్తనాళం నుంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, బుడగను ప్లాటినం తీగచుట్టలతో నింపుతారు. స్వల్ప విద్యుత్తుతో తీగ ఊడి అక్కడే ఉండిపోతుంది. లోపల రక్తం గడ్డకట్టి బుడగ మూసుకుపోతుంది. ఇటలీ వైద్యుడు గుగ్లియెల్మీ రూపొందించిన ఈ కాయిల్‌ను 1990లో లాస్ ఏంజెలిస్‌లో తొలిసారి రోగికి అమర్చారు.

ఏది మేలు?

2002లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఐశాట్ అధ్యయనం ఈ చర్చను మలుపు తిప్పింది. బుడగ పగిలి, రెండు పద్ధతులూ సరిపోయే 2,143 మందిని పరిశీలించారు. ఏడాది తర్వాత చనిపోయినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి క్లిప్పు వర్గంలో 30.6 శాతం. కాయిల్ వర్గంలో 23.7 శాతం.

అలాగని క్లిప్పు పాతబడిపోలేదు. కాయిల్ పెట్టిన బుడగ మళ్లీ తెరుచుకునే అవకాశం ఎక్కువ కాబట్టి స్కానింగులు తప్పవు. మెదడులో రక్తపు గడ్డ పెద్దదైతే, దాన్ని తీయడానికి ఎలాగూ తల తెరవాలి కనుక క్లిప్పుకే మొగ్గు. వెడల్పాటి మెడ ఉన్న బుడగలకు స్టెంట్లు, రక్తప్రవాహాన్ని పక్కకు మళ్లించే జాలీ గొట్టాలు వచ్చాయి.

పగలని చిన్న బుడగ బయటపడితే ఆపరేషన్ అవసరం లేకపోవచ్చు. బీపీ అదుపులో ఉంచుకుని, సిగరెట్ మానేసి, డాక్టర్ చెప్పినప్పుడల్లా స్కానింగ్ చేయించుకుంటే చాలు. పిడుగులాంటి తలనొప్పి వస్తే మాత్రం ఆలోచించొద్దు... నేరుగా ఆసుపత్రికే!