తీగ పొడవు – తీగ లావు

నల్లమల కొండల పాదమున, నంద్యాలకు సమీపమున మహానంది క్షేత్రము కలదు. అచటి కోనేటిలో ఊటనీరు తేటగా నిండియుండును. ఆ నీరు కాలువల వెంట పొలములకు పాఱి పైరులను తడుపును. కాలువ ఇరుకైనచో నీరు తక్కువగాను, వెడల్పైనచో ఎక్కువగాను పాఱుట అందఱు ఎఱిగినదే. పోలిక సంపూర్ణము కాకపోయినను, విద్యుత్తు తీగలయందును ఇట్టి న్యాయమే కనబడును.

తీగలో విద్యుత్తు ప్రవహించునపుడు లోహము దానిని కొంత అడ్డగించును. ఈ అడ్డునకు నిరోధము అని పేరు. జర్మనీ దేశమున ఉపాధ్యాయుడుగా నుండిన జార్జి సైమన్ ఓమ్ వేర్వేరు పొడవులు గల తీగలతో పరీక్షలు చేసి, 1827లో తన సిద్ధాంతమును గ్రంథరూపమున ప్రకటించెను. నిరోధమును కొలుచు ప్రమాణమునకు ఆయన పేరే పెట్టిరి.

తీగ పొడవు రెండింతలైనచో నిరోధమును రెండింతలగును. లావు విషయమున కొంత మెలకువ కావలయును. తీగను అడ్డముగా కోసినచో గుండ్రని ముఖము కనబడును. తీగ వ్యాసము రెండింతలైనచో ఆ ముఖము వైశాల్యము నాలుగింతలగును. విద్యుత్తునకు దారి అంత విశాలమగుటచే నిరోధము సగము గాక నాలుగవ వంతునకు తగ్గును.

మహానంది దాపున ఒక రైతు అరటితోటకు చిన్న మోటారు పెట్టెననుకొందము. విద్యుత్ స్తంభమునుండి బావికి 100 మీటర్ల దూరము. పోవుటకొక తీగ, తిరిగి వచ్చుటకొక తీగ. వెరసి 200 మీటర్లు. చౌకగా వచ్చునని 1 చదరపు మిల్లీమీటరు వైశాల్యము గల రాగితీగ వేసినచో దాని నిరోధము సుమారు 3.4 ఓములు. మోటారు 10 ఆంపియర్ల కరెంటు తీసికొన్నచో 34 వోల్టులు దారిలోనే పోవును. స్తంభమువద్ద 230 వోల్టులున్నను, మోటారునకు 196 మాత్రమే అందును. అట్టి మోటారు బరువు లాగలేక మఱింత కరెంటు పీల్చును. వేడెక్కి తుదకు దాని వైండింగు కాలిపోవచ్చును. అప్పుడు బావిలో నీరుండియు తోట ఎండును.

వ్యాసము రెండింతలుగా గల తీగ, అనగా 4 చదరపు మిల్లీమీటర్లది, వేసినచో నష్టము ఎనిమిదిన్నర వోల్టులే యగును. అల్యూమినియమునకు రాగికంటె నిరోధ మెక్కువ. కావున ఆ తీగ ఇంకను లావుగా నుండవలయును.

సన్నతీగవలన మిగిలిన పైకము మోటారు మరమ్మతునకే చాలదు. కనుక తీగ కొనువారు ధరను మాత్రమే గాక, దూరమును కొలిచి, దానికి తగిన లావును లెక్కించి కొనవలయును.