మచిలీపట్నంలో అడిగితే ఢిల్లీ రైల్లో బెర్తు ఎలా దొరుకుతుంది?

దివిసీమకు రైలు లేదు. అవనిగడ్డ వాళ్లు మచిలీపట్నం వచ్చి, ఢిల్లీ నుంచి తిరుగు ప్రయాణానికి కూడా అక్కడే టికెట్టు తీసుకోవచ్చు. అంత దూరంలో బెర్తు ఖాళీ ఉందని ఈ కౌంటరుకు ఎలా తెలుస్తుంది?

ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లలో రైల్వే రిజర్వేషన్ డేటాబేస్‌లు, అంటే బెర్తుల లెక్కలు ఉన్నాయి. గుడివాడ, మచిలీపట్నం కౌంటర్లు సికింద్రాబాద్‌తో మాట్లాడతాయి. ఒకప్పుడు తిరుగు టికెట్టు కోసం టెలిగ్రాం పంపి ఎదురుచూసేవారు. రైల్వే సంస్థ క్రిస్ రూపొందించిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్‌తో 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ కలిశాయి.

ఎలా పనిచేస్తుంది?

ఢిల్లీ నుంచి బయల్దేరే రైలు లెక్క అక్కడే ఉంటుంది కాబట్టి, సికింద్రాబాద్ కంప్యూటరు ఢిల్లీకి చిన్న సందేశం పంపుతుంది: ఫలానా రైలు, ఫలానా తేదీ, రెండు బెర్తులు. అది అందగానే ఢిల్లీలోని ప్రోగ్రాం అక్కడే నడుస్తుంది. ఖాళీలు చూసి, బెర్తులు కేటాయించి, జవాబు పంపుతుంది. దూరంగా ఉన్న ప్రోగ్రాంను ఇలా పిలిచి పనిచేయించడమే ‘రిమోట్ ప్రొసీజర్ కాల్’.

ఢిల్లీ బెర్తుల జాబితా మొత్తం ఇక్కడికే తెచ్చుకోవచ్చుగా?

వద్దు. జాబితాలు రెండయితే ఒకే బెర్తును ఇద్దరికి అమ్మే ప్రమాదం ఉంది. లెక్క ఒక్కచోటే ఉంటే తగవు రాదు.

ఇలా సందేశాలతో పని జరిగేది రైల్వేలోనే కాదు. వేర్వేరు బ్యాంకుల డేటాబేస్‌లు వేర్వేరు రకాలు. అయినా 2016లో వచ్చిన చెల్లింపుల వ్యవస్థ యూపీఐ వాటినీ కలిపింది. కారణం ఒక్కటే: సందేశం ఎలా రాయాలో అందరూ ముందే ఒప్పుకున్నారు. ఉమ్మడి భాష ఉంటే ఎంత దూరమైనా దగ్గరే!