ఓటమిని నేర్పే బొమ్మల కథలు

బాల్యంలో మనసుకు హత్తుకున్న కథను పెద్దయిన తరువాత మళ్లీ చదవడం సాహసమే. కొన్ని కథలు మనతోపాటు ఎదుగుతాయి; కొన్ని మనం విడిచి వచ్చిన చోటనే చిన్నవై నిలిచిపోతాయి. ఏది ఎదిగినదో, ఏది నిలిచిపోయినదో తెలియాలంటే తిరిగి చదవడం వినా మార్గం లేదు. తెలుగునాట కొన్ని తరాల వారికి అట్టి పరీక్ష పెట్టదగినది ‘చందమామ’ ధారావాహిక.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల పూనికతో మద్రాసులో పుట్టిన ఆ మాసపత్రిక మా సూళ్లూరుపేటకు దూరపు చుట్టం కాదు. మద్రాసుకు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, కాళంగి ఒడ్డున, పులికాటు సరస్సు చేరువలో ఉన్న ఊరు ఇది. ఒక ఇంటికి ప్రతి వస్తే వీధిలోని పిల్లలందరూ దానికి పాఠకులే. ధారావాహిక పుటలను మాత్రం విడదీసి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచుకున్న ఇళ్లు కోకొల్లలు. ఆ పత్రిక వెలువడడం మానివేసి పదేళ్లు దాటినది. అట్టి కుట్టు సంపుటాలు కొన్ని ఇటీవల నా చేతికి వచ్చినవి. ‘శిథిలాలయం’, ‘రాకాసిలోయ’, ‘యక్షపర్వతం’ మళ్లీ ఆసాంతం చదివాను.

1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఇట్టి ధారావాహికలు పన్నెండు వ్రాశారు. వాటి కోసం నెల పొడుగునా ఎదురు చూచిన పాఠకులలో అనేకులకు చాలకాలం ఆయన పేరైనా తెలియదు. 1952 నుండి 1980లో కన్నుమూసే వరకు ఆ పత్రికకు రూపుదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారి శ్రద్ధ భాషలో అడుగడుగునా కనిపిస్తుంది. చిన్న వాక్యం, తేటమాట, అనవసరమైన విశేషణం లేకపోవడం! వ్యాసరచన నేర్పే ఉపాధ్యాయుడు తరగతిలో చదివి వినిపించదగిన తెలుగు అది. ఇక చిత్రా గారి బొమ్మలు: కథలోని అరణ్యమూ, పాడుబడిన కోటా, వింతజంతువులూ ఆయన గీతలో లోకానికి మారుపేర్లయినవి. శిఖిముఖి, విక్రమకేసరి, కేశవుడు, జయమల్లు, ఖడ్గవర్మ, జీవదత్తుడు — ఈ జంటలను తలచుకుంటే ముందుగా కళ్లకు కట్టేది ఆ గీతయే.

ఇవి ఎదిగిన గుణాలు. ఎదగనిది కూడా ఒకటి ఈసారి కంటబడినది. ఈ కథానాయకులు దాదాపు సిద్ధపురుషులు. కథలోకి అడుగుపెట్టేనాటికే వారికి విద్య వచ్చి ఉంటుంది, ధైర్యం ఉంటుంది. వారికి ఎదురయ్యేది ప్రమాదం. దానిని బలంతోనో, యుక్తితోనో దాటుతారు. అభ్యాసం చేసి, చేతకాక, మళ్లీ అభ్యాసం చేసే మానవుడు ఆ పుటలలో అరుదు. జానపద కథకు అది దోషం కాదు, దాని ధర్మమే అంత. కాని పాఠశాల మైదానంలో ప్రతి సాయంకాలం పిల్లవాడికి ఎదురయ్యే అనుభవం వేరు. అక్కడ రాకాసి ఉండదు. తనకంటె బాగా ఆడే మరొక పిల్లవాడు ఉంటాడు.

ఆ అనుభవాన్ని బొమ్మల కథగా మలచినవారు జపానువారు. అక్కడ బొమ్మల కథను ‘మాంగా’ అంటారు. అందులో ఆటల కథలు ఒక ప్రత్యేక శాఖ. 1966 నుండి 1971 వరకు ఒక బాలుర వారపత్రికలో వెలువడిన ‘క్యోజిన్ నొ హోషి’ వాటిలో ప్రసిద్ధమైనది. రచన ఇక్కి కజివారాది, బొమ్మలు నొబొరు కవసాకివి. ఒకనాటి బేస్‌బాల్ ఆటగాడైన పేద తండ్రి తన కుమారుణ్ణి కఠోర సాధనతో గొప్ప ఆటగాణ్ణి చేయబూనడం ఇందలి కథ. పిల్లవాడి దేహానికి ఉక్కు స్ప్రింగులు బిగించి సాధన చేయిస్తాడు ఆ తండ్రి.

ఈ కథ మన దేశానికి కూడా వచ్చినది. 2012లో ‘సూరజ్: ద రైజింగ్ స్టార్’ అనే పేర, బేస్‌బాల్‌కు బదులు క్రికెట్ పెట్టి, బొంబాయి పేద కుర్రవాడి కథగా హిందీ టెలివిజన్‌లో బొమ్మల చిత్రంగా ప్రసారమైనది. ఉక్కు స్ప్రింగులు మన ప్రేక్షకులకు హింసగా తోచగలవని వాటి స్థానంలో సైకిలు ట్యూబులు వాడారు. చిన్న మార్పే కాని ఆలోచింపదగినది. సాధన ఎంతవరకు శిక్షణ, ఎక్కడినుండి శిక్ష? తండ్రి ఆశను బిడ్డ మోయడం ఎంతవరకు న్యాయం? ర్యాంకుల కోసం పిల్లలను తెల్లవారుజామున లేపే మన ఇళ్లలోనూ ఈ ప్రశ్నకు చోటున్నది.

ఆ తరువాతి తరపు కథ ‘స్లామ్ డంక్’ ఇంకొక మెట్టు పైకి పోయినది. తకెహికొ ఇనొయె 1990 నుండి 1996 వరకు గీసిన ఈ బాస్కెట్‌బాల్ కథలో నాయకుడు హనమిచి సకురగి ఆట రాని ఆకతాయి. ఒక బాలిక మెప్పు కోసం జట్టులో చేరుతాడు. బంతిని నేలకు కొట్టి పట్టడంతో ఆరంభించి, చివరికి ఒక వారంలో 20,000 సార్లు బంతిని బుట్టలోకి విసిరి సాధన చేస్తాడు. దేశమంతటిలో మేటి అయిన జట్టును వీరి జట్టు ఓడిస్తుంది. ఆ పోటీ చివరి ఘడియలను రచయిత మాటల అవసరం దాదాపు లేకుండా బొమ్మలతోనే నడిపాడు. మరి తరువాత? మరుసటి పోటీలో ఆ జట్టు చిత్తుగా ఓడిపోతుంది. ఆ ఓటమిని రచయిత ముక్తసరిగా చెప్పి కథను ముగింపునకు తెచ్చాడు. కప్పు చేతికి రాలేదు. అయినా చదివినవాడికి లోటు తోచదు. ఆకతాయి అప్పటికి ఆటగాడైనాడు గదా!

ఈ నీతి కోసం మనం జపాను దాకా పోనక్కరలేదు. మా ఊరికి తూర్పున శ్రీహరికోట ఉన్నది. 1979 ఆగస్టు 10న అక్కడినుండి ఎగసిన తొలి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు కక్ష్యకు చేరక సముద్రం పాలైనది. ఏడాది తిరగకుండానే, 1980 జూలై 18న, అదే తీరం నుండి అదే తరహా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది. రెండవ తేదీని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మొదటి తేదీని కూడా విద్యార్థి కంఠస్థం చేయడం మేలు. ఆ రెండు తేదీల నడుమ గడచిన పదకొండు నెలలే అసలు పాఠం.

మనకు ఆటలు లేవా? చెడుగుడు ఉన్నది. కూత పట్టి, ఊపిరి బిగబట్టి, ఒంటరిగా ఎదుటివారి బరిలోకి పోయి తిరిగి రావడం — దీనికి మించిన నాటకీయత ఏ కథకు కావాలి? కబడ్డీ పేర ఈ ఆట 1990లో బీజింగు ఆసియా క్రీడలలో ప్రవేశించినది. స్వర్ణపతకం మన దేశానిదే. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయినది. అయినా ‘యక్షపర్వతం’ వలె నెలనెలా పిల్లలను ఊరించిన చెడుగుడు ధారావాహిక ఒక్కటీ మన తరాలకు జ్ఞాపకం లేదు. గెలిచినవారిని గురించి మనం వార్తలు వ్రాశాము, జీవితచరిత్రలు వ్రాశాము. ఆడి ఓడి, మరునాడు మళ్లీ మైదానానికి వచ్చిన పిల్లవాడిని గురించి కథ వ్రాయలేదు.

ఈ లోటు కేవలం సాహిత్యానిది కాదు. మన పాఠశాలల్లో ప్రార్థనాసమయాన పేరు పిలిచేది గెలిచినవారిని. పోటీలకు పోయి వట్టిచేతులతో తిరిగి వచ్చిన జట్టును గురించి ఎవరూ మాట్లాడరు. ఆ మౌనంలో ఎందరో పిల్లలు ఆట మానివేస్తున్నారు. కొందరు చదువు విషయంలోనూ అదే నిర్ణయానికి వస్తున్నారు. ఓటమి కథకు ముగింపు కాదని, అది నెలాఖరు సంచికలోని చివరి వాక్యం వంటిదని చెప్పేవారు వారికి కావాలి. “తరువాయి వచ్చే నెల” అన్న మాట మనకు ‘చందమామ’ నేర్పినదే.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పాత ‘చందమామ’ సంపుటాలు ఎక్కడ దొరికినా పాఠశాల గ్రంథాలయంలో చేర్చండి. తెలుగు తేటగా వ్రాయడం వాటినుండి నేర్పండి. ఆపైన తరగతిలో బొమ్మలు వేయగలవారిని, కథ చెప్పగలవారిని, ఆడగలవారిని ఒకచోట కూర్చండి. తమ బడి జట్టును గురించి, తాము ఓడిన పోటీతో మొదలుపెట్టి, గోడపత్రికలో నెలకొక భాగం వ్రాయమనండి. రెండవ భాగం ఏమవుతుందో వారు మైదానంలో తేల్చుకుంటారు.