స్వయంచాలక గేర్లు - కొండదారి

వాహనంలో గేర్లు మార్చే పనిని మనిషి చేతినుండి యంత్రం స్వీకరించి ఎనభై ఏండ్లు దాటినది. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థ 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ అనే గేరుబాక్సును అమర్చిననాడు అది సంపన్నుల సౌకర్యం. ఈనాడు ఆ సౌకర్యం బరువులు మోసే పికప్పు బండికి కూడా సంక్రమించినది. మన తెలుగునాటనే, శ్రీసిటీలో 2016లో ఉత్పత్తి ప్రారంభించిన ఇసుజు కర్మాగారంనుండి వచ్చే వీ-క్రాస్ పికప్పు, 2021 నాటి రూపంలో, 163 అశ్వశక్తుల డీజిలు ఇంజనుతోను, ఆరు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సుతోను లభించినది. మరుసటి ఏడు టొయోటా వారి హైలక్స్ 204 అశ్వశక్తులతో మన దేశంలో ప్రవేశించినది. ఇట్టి శక్తిమంతమైన బండిని కొనదలచినవారికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది: ఆటోమేటిక్ గేరుబాక్సులలో ఏది మేలు?

ఈ ప్రశ్నకు జవాబు ధరల పట్టికలో దొరకదు. బండి నడిచే దారిలో దొరుకుతుంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలాన్నే ఉదాహరణగా తీసుకొందాము. ఇక్కడి పికప్పు ఒకనాడు వడ్ల బస్తాలు మోస్తుంది, ఒకనాడు పసుపు మోస్తుంది, వేసవిలో చల్‌గల్ మార్కెట్టుకు మామిడికాయలు చేరవేస్తుంది. ఇది చదును నేల ప్రయాణం. కాని ఇదే మండలంలో కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం ఉన్నది. చైత్ర పౌర్ణమినాడు ఆ కొండదారిని ఎక్కే బండి అడుగడుగునా ఆగుతూ, కదులుతూ పోవలసి ఉంటుంది. దిగేటప్పుడు బరువే బండిని ముందుకు తోస్తుంది. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాట్ రోడ్డుమీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవైమందికి పైగా మరణించిన దుర్ఘటన ఎవరికీ మరపురానిది. దాని కారణాలను విచారించడం ఈ ప్రసంగానికి విషయం కాదు. అట్టి వాలుమీద యంత్రాన్ని తెలిసి నడపవలెనన్నదే ఇక్కడ మనకు ముఖ్యం.

ఆటోమేటిక్ అన్న పేరు ఒకటే గాని, ఆ పేరుతో చలామణి అయ్యే యంత్రాలు నాలుగు రకాలు. మొదటిది ఏ.ఎమ్.టి. ఇది మామూలు గేరుబాక్సే. క్లచ్చు తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం చిన్న యంత్రాలు చేస్తాయి. చవక, మరమ్మతు సులభం. అయితే ఎత్తుమీద జనసమ్మర్దంలో అంగుళమంగుళంగా కదిలేటప్పుడు, సగం తొక్కిన క్లచ్చుతో బండి నడిపినట్లే, దాని పలక రాపిడికి వేడెక్కి అరిగిపోతుంది. రెండవది డి.సి.టి., అనగా రెండు క్లచ్చుల గేరుబాక్సు. రెప్పపాటులో గేరు మారుస్తుంది, వేగప్రియులకు ముచ్చట. అందులోను నూనెలో మునగని పొడి క్లచ్చులు గల రకానికి పై ఇబ్బంది తప్పదు. మూడవది సి.వి.టి. రెండు కప్పీలు, వాటిమధ్య ఒక పట్టీ. పట్టణపు కార్లకు హాయి. పట్టీ జారే భయం ఉన్నది కనుక గొప్ప భారానికి తగదు.

నాలుగవది టార్కు కన్వర్టరు గల గేరుబాక్సు. టార్కు అంటే తిప్పే బలం. రెండు విద్యుత్తు పంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇచ్చినట్లయితే, దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది. ఇక్కడ గాలికి బదులు నూనె పనిచేస్తుంది. ఇంజను తిప్పే చక్రం నూనెను చిమ్ముతుంది. గేర్లవైపు ఉన్న చక్రం ఆ తాకిడికి తిరుగుతుంది. రెండింటి నడుమ ఉన్న మూడవ చక్రం, తిరిగివచ్చే నూనెను సరియైన దిశకు మళ్ళిస్తుంది. అందువల్ల బండి కదిలే క్షణంలో తిప్పే బలం సుమారు రెండింతలు అవుతుంది. జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఈ సూత్రాన్ని ఓడల కోసం రూపొందించినాడు. కొండదారిలో దీని గుణం ఏమనగా, జారుడంతా నూనెలోనే జరుగుతుంది. అరిగే పలక ఉండదు. పుట్టిన వేడిని నూనె తీసుకొనిపోయి కూలరులో వదలుతుంది. నూనెలో కొంత శక్తి వృథా కావడం దీని లోపం. వేగం అందుకొన్న తరువాత రెండు చక్రాలనూ కలిపి బిగించే లోపలి క్లచ్చు ఆ లోపాన్ని చాలమట్టుకు తీర్చినది. వీ-క్రాస్, హైలక్స్ రెండింటిలోను ఉన్నది ఈ జాతి గేరుబాక్సే.

ఇక ఈ జాతిలో ఒకదానికి, మరొకదానికి తారతమ్యం ఎట్లా ఎంచవలె? గేర్ల నిష్పత్తి, గేరుబాక్సు దృఢత్వం అనే రెండు విషయాలు చూడవలె. అమెరికాలో పికప్పు ప్రియులు ఈ రెండింటిని గురించి చిరకాలంగా వాదించుకొంటున్నారు. జనరల్ మోటార్సు వారి 1964 నాటి టర్బో 400కు మూడు గేర్లు, మొదటిది 2.48. 1982 నాటి 700ఆర్4కు నాలుగు గేర్లు, మొదటిది 3.06, చివరిది 0.70. రెండవది చురుకుగా కదులుతుంది, రహదారిమీద ఇంధనం ఆదా చేస్తుంది. కాని దాని రెండవ గేరు 1.63. ఇంజను నిమిషానికి 4,000 సార్లు తిరుగుతుండగా గేరు మారితే 2,130కి పడిపోతుంది. టర్బో 400లో 2,390 వద్ద నిలుస్తుంది. పైగా గట్టితనంలో పాతదే మిన్న. నేటి ఆరు గేర్ల యంత్రాలు ఈ ఎడాన్ని తగ్గించినవి. గట్టితనం మాత్రం ఇప్పటికీ విచారించదగినదే. హైలక్స్ ఇంజను ఒకటే అయినా, చేతి గేర్ల బండిలో 420, ఆటోమేటిక్ బండిలో 500 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది.

ఎక్కడం సరే, దిగడం అంతకంటె ముఖ్యం. మూడు టన్నుల బండి నూరు మీటర్ల ఎత్తునుండి దిగితే విడుదలయ్యే శక్తి పది లీటర్ల నీటిని మరగబెట్టడానికి చాలును. ఆ వేడినంతా బ్రేకులే భరిస్తే అవి పట్టు కోల్పోతాయి. చిన్న గేరులో ఇంజనుకు కొంత భారం అప్పగించడమే మార్గం. ఆటోమేటిక్ బండిలో మీటను 'డి' స్థానంలోనే ఉంచితే, యాక్సిలరేటరు మీదనుండి కాలు తీయగానే యంత్రం పెద్ద గేరుకు పోవచ్చును. దానికి ముందున్న వాలు కనబడదు గదా! కనుక దిగుడు ప్రారంభం కాకముందే చేతితో గేరు ఎంచే స్థానానికి మార్చి రెండవ గేరునో, మూడవ గేరునో నిలుపవలె. డీజిలు మిగులుతుందని న్యూట్రలులో దిగడం ప్రాణాంతకం. పైగా మిగిలేదీ లేదు. గేరులో ఉండి కాలు తీసినప్పుడు నేటి ఇంజను డీజిలును దాదాపు పూర్తిగా ఆపుకొంటుంది. న్యూట్రలులో మాత్రం నడవడానికి తాగుతూనే ఉంటుంది.

కొనేముందు అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడుగవలె. చేతితో ఎంచిన గేరును యంత్రం వాలులో నిలుపుకొంటుందా? గేరుబాక్సు నూనెకు విడిగా కూలరు ఉన్నదా? బరువులు మోసే బండికి ఆ నూనెను ఎన్ని కిలోమీటర్లకు మార్చవలె? జగిత్యాలలోనో కరీంనగరంలోనో దానిని విప్పి బిగించగల మెకానిక్కు ఉన్నాడా అని కూడ విచారించుకోవలె. బండి చదును దారిలో ధాన్యం మోయడానికే అయితే, చేతి గేర్ల బొలెరో పికప్పు వంటిది చవకగా ఆ పని నెరవేరుస్తుంది. ఆటోమేటిక్‌కు అదనపు ధర పెట్టనక్కరలేదు. కొండదారి తరచు ఎక్కేవారు మాత్రం టార్కు కన్వర్టరు గల దానినే కోరడం మంచిది.

బండి కొనేది యజమాని, నడిపేది తరచు మరొకరు. చేతి గేర్లకు అలవాటుపడిన డ్రైవరు, ఆటోమేటిక్ అనగానే గేర్ల సంగతి ఇక తనకు పట్టదనుకొనే ప్రమాదం ఉన్నది. కనుక సరుకు వేయకముందే, రద్దీ లేని ఉదయం చూచి, ఆ డ్రైవరుచేత ఖాళీ బండిని ఒకసారి కొండ ఎక్కించి, రెండవ గేరులో దింపించి, బ్రేకుమీద కాలు ఎన్నిసార్లు పెట్టవలసి వచ్చినదో అతనినే లెక్కపెట్టమనవలె.