బండి వెనుక ఏముందో కారుకు ఎలా తెలుస్తుంది? మీకు తెలుసా?

మిర్చి సీజన్‌లో మానుకోట మార్కెట్ యార్డుకు బస్తాలతో వచ్చే ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, డీసీఎంలు రివర్స్ తీయాలంటే ఎవరో ఒకరు దిగి వెనుక నిలబడి ‘రానీ... రానీ... ఆపు’ అనాల్సిందే. బస్టాండులో బస్సుకైతే కండక్టర్ విజిల్ ఉంటుంది. కొత్త కార్లలో ఆ పనికి సెన్సర్లు, కెమెరాలు వచ్చాయి. అవి ఏం పట్టుకుంటాయి, ఏం పట్టుకోలేవు అన్నది డ్రైవర్లకే కాదు, వాకిట్లో పిల్లలు ఆడుకునే ప్రతి ఇంటికీ తెలియాలి.

● మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ వెనుక పార్కింగ్ సెన్సర్ తప్పనిసరి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వేగం 80 కిలోమీటర్లు దాటితే మోగే అలారం కూడా ఆ రోజు నుంచే వచ్చాయి. ఆ నిబంధన కార్లకు పెట్టింది. యార్డులో తిరిగే ట్రాక్టర్లు, సరుకు ఆటోలు దాని కిందికి రావు.

● బంపర్ మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా కనిపించేవే సెన్సర్లు. లోపలి చిన్న పలక సెకనుకు 40 వేలకు పైగా కంపిస్తూ శబ్దాన్ని పంపుతుంది. మన చెవి 20 వేలు దాటితే వినలేదు కాబట్టి అది మనకు వినిపించదు. శబ్దం అడ్డంకిని తాకి తిరిగొచ్చేదాకా ఆ పలకే చెవి అవుతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే ప్రతిధ్వని సెకనులో వెయ్యింట ఆరు వంతుల సమయంలో వచ్చేస్తుంది. ఆ సమయాన్నే దూరంగా లెక్కగట్టి బీప్ కొడుతుంది. గబ్బిలాలు చీకట్లో దారి వెతుక్కునే పద్ధతి ఇదే.

● ఎండ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. 15 డిగ్రీల చలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, 45 డిగ్రీల ఎండలో 358 మీటర్ల దాకా పోతుంది. అందుకే మంచి వ్యవస్థలు బయటి వేడిని కూడా చూసి దూరాన్ని సరిచేసుకుంటాయి.

● అన్నిటికన్నా ముఖ్యమైనది, సెన్సర్‌కు తెలియనిది ఏమిటన్నది. పత్తి, దూది, మందపాటి బట్ట శబ్దాన్ని మింగేస్తాయి. సన్నని తీగ, పశువుల తాడు, ఇనుప గొలుసు నుంచి ప్రతిధ్వని సరిగా రాదు. ఏటవాలు తలం దాన్ని పక్కకు మళ్లిస్తుంది. బంపర్ కంటే బాగా కిందున్న రాయి దాని చూపుకు అందదు. బురద పట్టిన సెన్సర్ తప్పు చెబుతుంది. వీటన్నిటికన్నా ప్రమాదం గుంత. ఎస్సారెస్పీ కాలువ గట్టు, మూత లేని మోరీ, చుట్టూ గోడ లేని వ్యవసాయ బావి... వీటి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని ఉండదు, అందుకే సెన్సర్ మౌనంగా ఉంటుంది. దాని మౌనానికి ‘దారి బాగుంది’ అని అర్థం చెప్పుకోకూడదు.

● కెమెరా బొమ్మను అద్దంలో లాగా కుడి ఎడమలు మార్చి చూపిస్తారు. లేకపోతే స్టీరింగ్ ఎటు తిప్పాలో తికమక అవుతుంది. తెర మీది ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు నేల చదునుగా ఉందనుకుని గీసినవి. వెనుక నేల ఎత్తుగా లేస్తే అక్కడున్న వస్తువు అసలు దూరం కన్నా దూరంగా కనిపిస్తుంది. ట్రాలీలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప రాడ్డును ఈ గీతలతో అంచనా వేయడం మరీ కష్టం. ట్రాలీ చక్రం ఇంకా దూరంగానే ఉంటుంది, రాడ్డు కారు అద్దాన్ని తాకేస్తుంది.

● 1956లోనే బ్యూక్ సెంచూరియన్ అనే ప్రదర్శన కారుకు వెనుక టీవీ కెమెరా పెట్టారు. అమ్మకానికి వచ్చిన కారులో కెమెరా చూడటానికి 1991 దాకా, జపాన్‌లో టయోటా సోరర్ దాకా ఆగాల్సి వచ్చింది.

● అమెరికాలో కెమెరా చట్టం వెనుక ఒక పసివాడున్నాడు. 2002లో కామెరాన్ గల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల బాబు, సొంత తండ్రే రివర్స్ తీస్తున్న బండి కింద పడి చనిపోయాడు. అతని పేరుతో 2008లో చట్టం వచ్చింది. కార్లు, చిన్న ట్రక్కులు అన్నిటికీ కెమెరా తప్పనిసరి అయ్యేసరికి 2018 మే నెల వచ్చింది. అక్కడ ఏటా సగటున 210 మంది ఇలా ప్రాణాలు కోల్పోతున్నారని, వారిలో 31 శాతం ఐదేళ్లలోపు పిల్లలేనని అప్పట్లో ప్రభుత్వం లెక్క చెప్పింది.

● భూపాలపల్లి సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో తిరిగే డంపర్ల వంటి భారీ యంత్రాల్లో క్యాబిన్ చాలా ఎత్తున ఉంటుంది. వెనుక నిలబడిన మనిషి అద్దాల్లో కనిపించడు. అలాంటి చోట రివర్స్ అలారం, కెమెరా ప్రాణరక్షణ సాధనాలే.

సరుకు బండ్లకు కూడా సెన్సర్లు, కెమెరా విడిగా బిగించుకోవచ్చు. బండి ఉన్నవాళ్లు ఈ ఖర్చుకు వెనకాడొద్దు. బిగించాక లెన్స్‌ను, సెన్సర్లను తుడుస్తూ ఉండండి. అవి ఉన్నా లేకపోయినా రివర్స్ గేరు వేసేముందు దిగి బండి వెనక్కి వెళ్లి చూడండి, పిల్లలు ఎక్కడున్నారో ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోండి.