ప్రావారమునుండి పుట్టిన శిలలు

వాకాడు పరిసరములలో రాయి కంటబడుట అరుదు. స్వర్ణముఖి తెచ్చిన ఒండ్రు, సముద్రము పోసిన ఇసుకయే మన నేల. పడమరగా గూడూరు చేరినచో అభ్రకపు గనుల సీమ కనబడును. (ఉర్దూలోను దానిని ‘అబ్రక్’ అనియే అందురు.) అభ్రకమును ఎరుగనివారు లేరు గాని, నెల్లూరు షిస్టు మేఖలయని పిలువబడు ఈ శిలాపంక్తి దక్షిణ భాగముననే యున్న కండ్ర శిలలను గూర్చి విన్నవారు తక్కువ. అవి ప్రావారమునకు సంబంధించిన కథను చెప్పుచున్నవి.

ఖండముల క్రింద భూపటలము సుమారు 35, 40 కిలోమీటర్ల మందముండును. దాని అడుగునుండి 2,900 కిలోమీటర్ల లోతువరకు ఉన్నది ప్రావారము. అక్కడికి పోయి చూచినవారు లేకున్నను, అక్కడి శిల యెట్టిదో రసాయన శాస్త్రము చెప్పగలదు. గ్రానైటులో సిలికా నూటికి 70 పాళ్లు. మెగ్నీషియా, అనగా మెగ్నీషియం ఆక్సైడు, ఒకటి రెండు పాళ్లకు మించదు. ప్రావారపు పెరిడొటైటులో సిలికా సుమారు 45 పాళ్లు, మెగ్నీషియా 38 పాళ్లు, కొన్నిట అంతకు మించియు ఉండును.

ఇంత భేదమునకు కారణము కరుగు తీరులోనే యున్నది. శిల మంచుగడ్డవలె ఒకే వేడిమివద్ద కరుగదు. ఇనుముతో కూడిన ఆలివీన్ 1,205 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగగా, మెగ్నీషియంతో కూడినది 1,890 డిగ్రీల వరకు నిలుచును. కావున ప్రావారము కొంత కరిగినపుడు అల్యూమినా, సున్నము మున్నగునవి ద్రవములోనికి ఎక్కువగా పోయి, మెగ్నీషియం మిగిలిన శిలలో నిలిచిపోవును. పైకి వచ్చిన ద్రవమే బసాల్టు. అందు మెగ్నీషియా 7, 8 పాళ్లు మాత్రమే.

అయితే మెగ్నీషియం హెచ్చుగా నున్నంత మాత్రమున ప్రతి శిలయు ప్రావారపు తునుక కాదు. మాగ్మా చల్లారునపుడు బరువైన ఆలివీన్, పైరాక్సీన్, క్రోమైట్ స్ఫటికములు అడుగున పేరుకొని అట్టి శిలలనే కల్పింపగలవు. కొయ్యబొమ్మలకు పేరుపడిన కొండపల్లిలో క్రోమైటుతో కూడిన శిలలు ఈ తెగవే.

కండ్రలో ముఖ్యముగా నున్నవి గాబ్రో, డాలరైటు, బసాల్టు శిలలు. ఇవి ప్రాచీన సముద్రపు అడుగు కావచ్చునా యను ప్రశ్నను ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు సి. లీలానందం గారు 1990లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో లేవనెత్తిరి. సమాధానమునకు ఇరువది యేండ్లు పట్టినది. పలకలు ప్రక్కప్రక్కన నిలిపినట్లున్న డైకులు అక్కడ కలవని 2009లో ప్రకటింపబడినది. సముద్రగర్భము చీలినచోటనే మాగ్మా మరల మరల చొచ్చినపుడు ఇట్టివి ఏర్పడును. 2010లో లీలానందం గారును పాల్గొన్న పరిశోధన వీని వయస్సు సుమారు 185 కోట్ల సంవత్సరములని తేల్చినది. ఒక భూఫలకము మరొకదాని క్రిందికి జారుచోట, పైనున్న ప్రావారము కరిగి యివి పుట్టినవని వాని రసాయన లక్షణములు తెలిపినవి.

ఆ సముద్రము ఏనాడో మూసుకొనిపోయినది. దాని అడుగు మాత్రము బంగాళాఖాతమునకు పడమట, మెట్టనేలలో మిగిలియున్నది.